తాడు కొలిచాకే బావి

ఇటుకల బట్టీ పక్క గది,
మంగళవారం

అక్కా,

చేరాను. ఉన్నాను. తింటున్నాను. ఈ మూడూ అమ్మకి చదివి వినిపించి, మిగతాది నువ్వు చదువుకో.

నువ్వు పట్టుబట్టి ఇప్పించిన ఉద్యోగం సంగతి ఇది. నేల కింద నీళ్ళు ఎంతున్నాయో ఇన్నాళ్ళూ ఎవరూ లెక్క చూడలేదట. ఇప్పుడు గవర్నమెంటుకి ఆ బుద్ధి పుట్టింది. ఈ లోయ వరకూ ఆ బుద్ధికి కాళ్ళూ చేతులూ నేనే. మొత్తం పన్నెండు బావులు. ప్రతి నెలా మొదటి వారంలో అన్నిటి దగ్గరికీ నడిచి వెళ్ళాలి. గట్టు మీద తెల్లరంగు గుర్తు దగ్గర నిలబడి కొలతాడు వదలాలి. తాడు కొసన గంటలాంటి ఇత్తడి గుండు ఉంటుంది, అడుగున బోలుగా. అది నీళ్ళని తాకగానే బుడుక్ అంటుంది. తాడుకి అడుగుకొకటి చొప్పున నంబరు వేసిన గుడ్డ పీలికలు, మధ్యలో అంగుళాలకి దారం గుర్తులు కుట్టి ఉంటాయి. గట్టు దగ్గరికి ఏ నంబరొచ్చిందో చూసి పుస్తకంలో రాయాలి. ఇంతే పని. ఎనిమిదో తరగతిలోనే నా మీద ఆశ వదులుకున్న లెక్కల మాస్టారు ఈ పుస్తకం చూస్తే ఏ బావిలోనో పడతాడు.

కాలు ఒకచోట నిలవనివాడికి ఇంతకన్నా మంచి పని లేదక్కా. నాన్న షాపులో ఏముంది చెప్పు. రోజూ పొద్దున్నే టేపు తీయడం, కుట్టు బల్ల అంచుకి కొట్టిన ఇత్తడి పట్టీ పక్కన పరిచి సాగిందేమో చూడటం, రెండో కొస నన్ను పట్టుకోమనడం. ఆ ఒక్క పనికే నాకు పిచ్చెక్కేది. గుడ్డ టేపు సాగితే మాత్రం ఎంత సాగుతుంది? ఇక్కడ ఇలాంటి చాదస్తాలేం లేవు.

నేనుండే గది ఇటుకల పెద్దమ్మది. బట్టీ కూడా ఆవిడదే. నలభై ఇళ్ళవాళ్ళు ఇక్కడ మట్టి తొక్కి, ఇటుకలు కోసి బతుకుతున్నారు. అందరికీ కలిపి ఒకటే బావి, నా పుస్తకంలో ఐదో నంబరు. లోయ మొత్తంలో నీళ్ళు బాగా అడుక్కి పోయింది అదే. ఇంటి పక్కనే కదా అని దాన్ని ఆఖర్న కొలుస్తాను.

పన్నెండో నంబరు బావి గురించి మాత్రం అడక్కు. అది కొండవాలున బాతులావిడ పెరట్లో ఉంది. ఆవిడ మంచిదే. ఆవిడ దగ్గర ఒక మగబాతు ఉంది, పెద్దజాతిది, మెడ చాస్తే నా నడుం దాకా వస్తుంది. నేను దానికి ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టాను. నువ్వెవరివి, ఎందుకొచ్చావు అని కూడా అడక్కుండా కరుస్తుంది. ఎక్కడ కరిచిందో రాయను. ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, అర్థం చేసుకో.

నీ బొంగరం


పటాల గది, పెద్దాఫీసు రెండో అంతస్తు,
సోమవారం

ఒరేయ్ బొంగరం,

అమ్మకి మూడూ చదివాను. నాలుగోది, ఆ కరిచిన సంగతి, దాచాను. నాన్నకి ఏమీ చదవలేదు. చాదస్తమన్న మాట వింటే వారం రోజులు నాతో మాట్లాడడు.

నువ్వు పంపిన అంకెలు ఎక్కడికి పోతాయో తెలుసా? నా బల్ల మీదికే. నెలనెలా వాటిని చుక్కలు పెట్టి, చుక్కలు కలిపి గీతలు గీస్తాను. పన్నెండు బావులకి పన్నెండు గీతలు. ముందు పెన్సిల్‌తో, తర్వాత ఇంకుతో. ఇంకు పడిందంటే అది ఇక గవర్నమెంటు మాట, దేవుడొచ్చినా చెరపడానికి లేదు. కాబట్టి నీ ఏడుని ఒకటిలా రాయకు.

ఇంకో మాట. మా దగ్గర ఒకాయన ఉన్నాడు, భూమి పొరలు చదివే పెద్ద నిపుణుడు. జేబులో ఎప్పుడూ నాలుగు రాళ్ళుంటాయి. మెట్లెక్కుతుంటే గలగలమంటాడు. అందరూ రాళ్ళాయన అంటాం, ఆయన ముందు అనం. బోర్లు ఎక్కడ వేయాలో తేల్చేది ఆయనే. మీ లోయకి ఈ ఏడాది ఒక్కటంటే ఒక్క బోరు. అది మీ ఇటుకల బట్టీ దగ్గర, ఐదో బావి పక్కన వేద్దామని ఆయన మొన్న అన్నాడు. ఇంకా కాగితం మీదికి రాలేదు, నీ కడుపులో దాచుకో.

ఆరు నెలలు నీ పుస్తకం శుభ్రంగా ఉంటే నిన్ను పర్మనెంటు చేస్తారు. నా మాట మీద నిన్ను తీసుకున్నారని గుర్తుంచుకుని తిరుగు.

అక్క


ఇటుకల బట్టీ పక్క గది,
ఆదివారం

అక్కా,

దాచుకోలేకపోయాను. ఏం చెయ్యను, నా కడుపు చిల్లుకుండ. పెద్దమ్మ భోజనం పెడుతూ, మీ ఆఫీసువాళ్ళు బావుల్లోకి తొంగిచూడటమేనా, ఎప్పుడైనా చుక్క నీళ్ళిచ్చేదుందా అని ఎత్తిపొడిచింది. రోషమొచ్చి చెప్పేశాను. ఆవిడ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. మర్నాటికి నలభై ఇళ్ళకీ తెలిసింది. బోరు యంత్రం బండి తిరగడానికి చోటు కావాలని ఆరబెట్టిన పచ్చి ఇటుకలన్నీ వరస తీసి అవతలికి మార్చారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. అయినా బాగుంది. ఇప్పుడు నేను వీధిలోకి వస్తే పిల్లలు కూడా పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు. ఇంత మర్యాద నాకు ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా?

ఈ నెల చుట్టు అయిపోయింది. పన్నెండూ రాసి పంపాను, ఈపాటికి నీ బల్ల మీద ఉండాలి. నిన్న ఐదో బావిలో నాలుగు చేదలు తోడుకుని తలారా స్నానం కూడా చేశాను. ఎర్రదుమ్ము మాత్రం వదల్లేదు.

ఒక చిన్న సాయం. నా ట్రంకుపెట్టెకి ఒక తాళం పంపించు. పాతది ఏమైందని అడక్కు. పోలేదు, వేరే ఉద్యోగంలో ఉంది.

నీ బొంగరం


పటాల గది,
బుధవారం

తమ్ముడూ,

తాళం పంపడం లేదు. ముందు ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ అంకెలు వచ్చాయి. చుక్కలు పెట్టాను. మామూలుగా ఏ బావైనా నెలకి రెండంగుళాలో మూడంగుళాలో దిగుతుంది. ఈ నెల పదకొండు బావులు రెండడుగుల చొప్పున దిగాయి. పైన రెండు మూడు అంగుళాలు అటూ ఇటూ, అంతే. ఒకటి ఇసకనేల బావి, ఒకటి రాతి బావి, ఒకటి వంద ఇళ్ళవాళ్ళు తోడుకునేది, ఒకటి ఎవరూ తోడనిది. ఇవన్నీ కూడబలుక్కుని ఒకేసారి రెండడుగులు దిగాయంటే నమ్మడానికి నేను గవర్నమెంటుని కాను, నీ అక్కని.

ఐదో బావికి ముప్ఫై ఎనిమిది అడుగులని రాశావు. ఆ బావి లోతే ముప్ఫై ఎనిమిది. అంటే నీ పుస్తకంలో అది ఎండిపోయింది. ఉత్తరంలోనేమో అందులో తోడి తలారా స్నానం చేశావు.

ఇంక పన్నెండోది. అది మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పోయిన నెల అంకే ఈ నెలా. పన్నెండూ రాసి పంపానన్నావు, కొలిచి పంపానని అనలేదు. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ చేతకాదు, పక్క సందులోంచి పోవాలని చూస్తావు.

ఇది మనిద్దరి మధ్యే ఉంటే నీ చెవి మెలేసి ఊరుకునేదాన్ని. కానీ రాళ్ళాయన నా భుజం మీదుగా పటం చూశాడు. లోయంతా దిగిపోతుంటే ఒక్క బావి నిలబడిందంటే దాని కింద రాతి పగులు ఉందట, ఆ పగుల్లో పాతాళం నుంచి ఊట వస్తోందట. జేబులో రాళ్ళన్నీ నా బల్ల మీద పరిచి చూపించాడు. మూడు రోజుల నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు, ఆనందంతో. ఆరు పేజీల నివేదిక రాశాడు. బట్టీ దగ్గర నీళ్ళే లేవు, అక్కడ బోరు వేస్తే దుమ్ము వస్తుంది, బోరు పన్నెండో బావికి మార్చండి అని అందులో ఉంది. అంటే రెండు మైళ్ళ అవతల, బాతుల కోసం.

పటం ఇంకా పెన్సిల్‌లోనే ఉంది. సోమవారం ఇంకు వేయాలి. ఆ రోజే నివేదికతో పాటు పైకి పోతుంది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పను కూడా.

ఒక్కటి చెప్పు. కొలతాడు కొసన ఇత్తడి గుండు ఉందా, లేక నీ ట్రంకుపెట్టె తాళం ఉందా?

అక్క


ఇటుకల బట్టీ,
శుక్రవారం పొద్దున

అక్కా,

తాళమే ఉంది. అయితే ఏమైంది? గుండైనా తాళమైనా నీళ్ళలో పడితే బుడుక్ అనే అంటుంది. పోయిన నెల చుట్టులో ఆఖర్న ఐదో బావి కొలిచాక తాడు లాగుతుంటే రాతికి చిక్కుకుని తెగింది, గుండు పోయింది. కొత్తది అడిగితే చేరిన నెలకే సర్కారు సొమ్ము పోగొట్టాడంటారని తెగిన కొసకి తాళం కట్టుకున్నాను. తాడు తాడే, పీలికలు పీలికలే. నువ్వు ఫ్యాను కింద కూర్చుని చుక్కలు కలుపుతావు, ఎండలో తిరిగేది నేను. బావులు దిగితే నేనేం చెయ్యను, పట్టుకుని ఆపనా?

బొంగరం


ఇటుకల బట్టీ,
శుక్రవారం సాయంత్రం

అక్కా,

పొద్దుట రాసిన ఉత్తరం అందితే చింపెయ్యి. ఇది ఇటుకల బండి ఆయన చేత పంపుతున్నాను, ఇదే ముందొస్తుంది. కాబట్టి అది రాగానే చదవకుండా చింపు. చదవకుండా ఉండలేవని తెలుసు. చదివి చింపు.

పొద్దున్న ఆ ఉత్తరం పోస్టులో పడేసి వచ్చేసరికి పెద్దమ్మ వాళ్ళు ఐదో బావిలో పూడిక తీస్తున్నారు. బోరు వచ్చేలోపు ఉన్న నీళ్ళైనా కాస్త ఊరతాయని. నేనూ దిగాను. అడుగున నీళ్ళు సరిగ్గా నా మోకాళ్ళ పైదాకా ఉన్నాయి. నువ్వు రాసిన ముప్ఫై ఎనిమిది అప్పుడు నెత్తిమీద మొట్టినట్టు గుర్తొచ్చింది. ఎండిపోయిన బావిలో మోకాళ్ళ లోతు నీళ్ళేమిట్రా అనుకుంటూ చెయ్యి పెట్టి బురద తీస్తుంటే గుండు దొరికింది. దానికి తోకలాగా తాడు ముక్క. ఆ ముక్కకి రెండు పీలికలు. ఒకటి, రెండు.

ఒకటీ రెండూ బావిలో ఉంటే, నా చేతిలో తాడు మూడు నుంచి మొదలవుతోంది. తాళం నీళ్ళని తాకి ఇరవై అన్నప్పుడల్లా నిజంగా ఉన్నది పద్దెనిమిది. పన్నెండు బావుల చుట్టూ తిరిగాను, ఒక్కసారి కొస చూసుకోలేదు. అక్కడే నీళ్ళలో కూలబడ్డాను. పైనుంచి పెద్దమ్మ, పాము కరిచిందా అని అరిచింది. లేదు పెద్దమ్మా, అంకె కరిచింది అన్నాను.

నాకు అప్పుడు గుర్తొచ్చింది ఏమిటో తెలుసా? నాన్న ఇత్తడి పట్టీ.

పన్నెండోది నువ్వన్నట్టే. ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరే నిలబడ్డాడు. నేను గోడ అవతలే నిలబడి పాత అంకె రాసుకుని వచ్చేశాను. బావి గట్టు చూస్తే ఒట్టు.

పైకొచ్చి పెద్దమ్మకి మొత్తం చెప్పాను. నా వల్ల బోరు బాతులావిడ పెరట్లోకి పోతోందని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఆ తాడు ముక్కని రెండు చేతుల్తో చాచి చూసింది. "చెప్పడానికి నా దగ్గరికి దేనికొచ్చావురా? బోరు నేనిస్తానా?" అంది. ఇటుకల మీద ఎండుతున్న నా చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు కదా. నా సంగతి అన్ని పక్కలా నుయ్యే. దీంతో పాటు రాళ్ళాయనకి ఒక ఉత్తరం ఉంది. ఆయనకివ్వు. నువ్వు దిద్దకు. తప్పులున్నా అలాగే ఇవ్వు. పర్మనెంటు పోతే పోనీ, ఇంటికొచ్చి నాన్న టేపు కొస పట్టుకుంటాను. గుండూ, తాడు ముక్కా కూడా పంపుతున్నాను, సాక్ష్యం.

నీ బొంగరం


పటాల గది,
సోమవారం

ఒరేయ్,

శనివారం బండి ఆయన గుండు తెచ్చి నా బల్ల మీద పెడితే పటం మీద బురద మరక పడింది. పెన్సిల్ కాబట్టి బతికిపోయాం.

ఉత్తరం ఇచ్చాను. దిద్దలేదు. రాళ్ళాయన నిలబడి చదివాడు, తర్వాత కూర్చుని చదివాడు. తాడు ముక్క తీసుకుని తన స్కేలు పక్కన పెట్టి చూశాడు. తర్వాత నావైపు తిరిగి, మీకు ఎప్పుడు తెలిసింది అని అడిగాడు. బుధవారం అన్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సినవాడు చెబుతాడని."

"చెప్పకపోతే?"

"సోమవారం సెలవు పెట్టేదాన్నండి. ఇంకు నా చేత్తో మాత్రం వేసేదాన్ని కాదు."

తాడు ముక్కని మళ్ళీ ఒకసారి స్కేలు పక్కన పెట్టాడు. నేనూ దాన్నే చూస్తున్నాను. ఇద్దరి ఉద్యోగాలూ ఒకే తాడుకి వేలాడుతున్నాయి కదా. చివరికి ఆరు పేజీల నివేదిక తీసి, బోర్లించి, నా ముందు పెట్టాడు. వెనకవైపు తెల్లగా ఉంది, చిత్తుకి పనికొస్తాయి అన్నాడు. పాతాళం ఊట అలా ముగిసింది. పాపం, ఆయన మొహం చూస్తే పెళ్ళి తప్పిపోయినవాడిలా ఉంది.

గురువారం తనే అక్కడికి వస్తున్నాడు. కొత్త తాడు తెస్తాడు. పన్నెండూ నీ చేతే కొలిపిస్తాడు, పక్కనే నిలబడి. అంతవరకూ పటానికి ఇంకు లేదు, బోరుకి చోటు లేదు.

నిన్ను ఏం చేస్తారో చెప్పలేదు. నేను అడగలేదు. ఇన్‌స్పెక్టరు సంగతి కూడా చెప్పలేదు, అది ఆయన స్వయంగా పరిశోధించి తెలుసుకోవాల్సిన విషయం.

తాళం ఈ పొట్లంలో ఉంది.

అక్క


ఇటుకల బట్టీ పక్క గది,
పదిహేను రోజుల తర్వాత, శనివారం

అక్కా,

ఆలస్యానికి తిట్టకు, చెప్పాల్సింది బోలెడుంది.

రాళ్ళాయన వచ్చాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు, తాడు చేతిలో పెట్టాడు. మొదటి బావి దగ్గర నేను తాడు వదలబోతే ఆగమన్నాడు. సంచిలోంచి చెక్క స్కేలు తీసి, ముందు తాడు కొలువు అన్నాడు. కొలిచాను. రెండో బావి దగ్గర ఆయన అడిగేలోపే కొలిచాను. మూడో బావి దగ్గర తాడు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. అక్కడ్నుంచి కాస్త మాట కలిసింది. నాలుగో బావికొచ్చేసరికి జేబులోంచి ఒక రాయి తీసి, ఇది ఒకప్పుడు సముద్రం అడుగు అని చూపించాడు. బళ్ళో ఇట్లా రాయి చేతికిచ్చి చెప్పి ఉంటే నేను పదో తరగతి దాకా కూర్చునేవాణ్ణేమో.

పదకొండు బావులూ నువ్వన్నట్టే రెండేసి మూడేసి అంగుళాలు దిగాయి, బుద్ధిగా. ఆఖరికి పన్నెండోది. గేటు దగ్గర నేను ఆగాను. ఆయన ఆగలేదు. బాతు ఉంది సార్ అన్నాను. బాతేగా అన్నాడు.

ఇంక నేను రాయలేను, నవ్వు ఆగదు. అంత బరువైన మనిషి, జేబుల్లో అన్ని రాళ్ళు పెట్టుకుని, అంత వేగంగా పరిగెత్తగలడని నేను కలలో కూడా అనుకోలేదు. గలగలమని పెరడంతా రెండు చుట్లు తిరిగాడు. మూడో చుట్టులో బావి గట్టెక్కేశాడు. ఆయన గట్టు మీద, ఇన్‌స్పెక్టరు కింద, నేను గోడ మీద. బాతులావిడ వచ్చి ఒక్క చాట చూపించింది, అది గొర్రెపిల్లలా పోయి మూలన కూర్చుంది. "నన్ను పిలిస్తే వచ్చేదాన్నిగా, ఆ పిల్లాడు గోడ మీంచి చూసి వెళ్ళిపోతుంటే కొలతలంటే చూపుతోనే తీస్తారేమో అనుకున్నా" అంది. రాళ్ళాయన నావైపు చూశాడు. ఆ చూపు బాతు కాటు కన్నా లోతుగా దిగింది.

ఆ బావి ఏకంగా ఒక అడుగు దిగిందక్కా. అన్నిటికన్నా ఎక్కువ. పాతాళం ఊట ఉన్న బావి!

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆయన అన్నాడు, "నువ్వు తాడు తెంచడం తప్పు కాదు. తాళం కట్టడం సగం తప్పు. చూడని బావికి అంకె వేయడం మాత్రం దొంగతనం. నా చేత ఆరు పేజీలు రాయించింది ఆ ఒక్క అంకే." నేను తాడు చుట్టుకుంటూ వెనక నడిచాను. 

బోరు ఐదో బావి పక్కనే వేశారు. మొదటి రెండు రోజులు దుమ్మే. పెద్దమ్మ ఇటుకలు కోయడం మానేసి కూర్చుంది, కొరికి కొరికి నా గోళ్ళు అయిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నం, నూట పది అడుగుల దగ్గర, ముందు బురద వచ్చింది, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు. నలభై ఇళ్ళవాళ్ళూ తడిశారు. పెద్దమ్మ ఒక దోసెడు పట్టింది కానీ తాగలేదు, పచ్చిమట్టిలో పోసి తొక్కడం మొదలుపెట్టింది. ఆవిడకి పని తర్వాతే దాహం.

నా సంగతి: పర్మనెంటు లేదు. మళ్ళీ మొదటి నుంచి ఆరు నెలలు లెక్కపెడతారు. కానీ ఉంచారు. రాళ్ళాయన వెళ్తూ వెళ్తూ, బావులు కొలిచేవాళ్ళందరికీ ఒక కొత్త నిబంధన పంపుతున్నానన్నాడు. మాటలు నన్నే చెప్పమన్నాడు, ఆయన రాసుకున్నాడు. అచ్చయి వచ్చే ఉంటుంది, నీ దగ్గరికి. అది నాన్నకి చదువు. ఈసారి ఏమీ దాచకు.

నీ బొంగరం


ఇంటి నుంచి, షాపు వెనక గది,
ఆదివారం

ఒరేయ్ బొంగరం,

అచ్చయి వచ్చింది. పటానికి నిన్ననే ఇంకు వేశాను. నీ గుండు ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కూర్చుంది, తోక కత్తిరించలేదు.

నిన్న సాయంత్రం నాన్నకి నీ ఉత్తరాలన్నీ మొదటి నుంచీ చదివాను. చాదస్తం దగ్గర కూడా ఆగలేదు. ఆయన గుండీల కాజాలు కుడుతూ విన్నాడు, తలెత్తలేదు. బాతు దగ్గర అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది, ఆయన నవ్వలేదు. ఆఖర్న నిబంధన కాగితం తీసి చదివాను: "కొలిచేవాడు ప్రతి బావి దగ్గరా ముందు తాడుని స్కేలు పక్కన పరిచి చూసుకోవాలి. తాడు కొలిచాకే బావి కొలవాలి." ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. మూడోసారి చదివాక, దీపం సరిగ్గా లేదు, కాజా పాడైంది అని లేచి వెళ్ళిపోయాడు. దీపం బాగానే ఉంది.

ఈ పొద్దున ఒక పెళ్ళికొడుకు సూటు కొలతలకి వచ్చాడు. తొందరలో ఉన్నాడు, చేతులు చాచి నిలబడ్డాడు. నాన్న టేపు తీసి, మామూలుగానే బల్ల అంచున ఇత్తడి పట్టీ పక్కన పరిచాడు. ఆ అబ్బాయి విసుక్కుంటూ, ఏంటండీ ఈ ఆలస్యం అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి నాన్న జవాబు చెప్పగా నేను వినలేదు. ఇవాళ చెప్పాడు.

"గవర్నమెంటు రూలు బాబూ. మావాడు పెట్టాడు."

అని, నీ చోటు ఖాళీగా ఉంది కదా, రెండో కొస పెళ్ళికొడుకు చేతికిచ్చి పట్టుకోమన్నాడు.

అక్క